చీటీ రాసిస్తే సరిపోదు: పిల్లల మనసు బాగోగుల కోసం బడి, ఆసుపత్రి, సంక్షేమ శాఖ కలిసి నడిచే పద్ధతి

దేవరకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నప్పటి మాట. ఎనిమిదో తరగతి పిల్లవాడి తల్లిదండ్రులు దసరా కాగానే భవన నిర్మాణ పనికి వలస వెళ్లారు. అప్పటి నుంచి వాడు భోజనం గంట కొట్టినా బెంచీ మీద తల వాల్చుకునే ఉండేవాడు. నాయనమ్మను పిలిపించి, 'నల్లగొండ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి' అని చీటీ రాసిచ్చాను. నా బాధ్యత తీరిందనుకున్నాను. ఉగాదికి ముందు ఆమె ఎదురైతే ఏమైందని అడిగాను. నడుముకు దోపుకున్న గుడ్డసంచి విప్పి, వక్కల మధ్య నుంచి అదే చీటీ తీసి చూపించింది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. "ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో తెలియలేదు సారూ, ఎవరిని అడగాలో తెలియలేదు. పారేస్తే మీరు కోప్పడతారని దాచిపెట్టాను" అంది.

ఐదు నెలలు పోయాయి. ఆ ఐదు నెలలు పిల్లవాడి బాల్యంలోంచి పోయాయి. మన దగ్గర డాక్టర్లు ఉన్నారు, పథకాలు ఉన్నాయి, ఉచిత ఫోను నంబర్లు ఉన్నాయి. పిల్లలు దారి తప్పేది చీటీకీ డాక్టరుకూ నడుమ. ఆ దారిని ఎలా వేసుకోవాలో నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట ప్రాంతాల ఉపాధ్యాయులకు పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: అవసరం రాకముందే మనుషులను కలవండి

బడులు తెరిచిన జూన్‌లోనే ఈ పని పెట్టుకోవాలి. ఒక తెల్లకాగితం మీద మూడు వరుసలు గీయండి: ఆరోగ్యం, సంక్షేమం, విద్య. ప్రతి వరుసలోనూ మనిషి పేరు, ఫోను నంబరు, దొరికే వేళ రాయండి. కార్యాలయం పేరు మాత్రమే రాసుకుంటే ఆపద రోజున అది అక్కరకు రాదు.

ఆరోగ్యం వరుసలో ముందుండేది ఊరి ఆశా కార్యకర్త. ఏ ఇంట్లో ఎవరు తాగుతున్నారో, ఎవరి బిడ్డ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోందో మనకంటే ముందు ఆమెకు తెలుస్తుంది. తర్వాత ఏఎన్ఎం (ఊళ్లు తిరిగే ఆరోగ్య నర్సు), ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి. ఆపైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం. 2013లో మొదలైన ఈ పథకం కింద ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్ఎం కలిసి ప్రభుత్వ బడులకు ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షిస్తారు. వాళ్లు వస్తే చాలాచోట్ల బరువు, ఎత్తు, కళ్లు, పళ్లు చూపించి పంపేస్తాం. ఎదుగుదలలో వెనుకబాటును గుర్తించడం కూడా వాళ్ల విధుల్లోదే. మీకు అనుమానం ఉన్న పిల్లల జాబితాను వాళ్లు వచ్చే రోజుకు సిద్ధంగా ఉంచండి. వాళ్లు రాసిచ్చే కాగితంతో జిల్లా కేంద్రంలో ఇలాంటి పిల్లల కోసం ఉన్న సత్వర చికిత్స కేంద్రానికి వెళ్లవచ్చు.

మానసిక వైద్యుల కోసం హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దాకా వెళ్లాల్సిందేనన్న భావన మన జిల్లాల్లో ఇంకా పోలేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. అక్కడికి మీరే ఒకసారి వెళ్లి నాలుగు సంగతులు కనుక్కుని రండి. పిల్లలను ఏ రోజుల్లో చూస్తారు? ఓపీ చీటీ ఎన్ని గంటలదాకా ఇస్తారు? ఏ కాగితాలు తేవాలి? ముందుగా ఫోను చేయాలంటే ఎవరికి చేయాలి? ఆ నాయనమ్మకు తెలియనివి ఈ నాలుగే.

సంక్షేమం వరుసలో అంగన్‌వాడీ టీచరు, సూపర్‌వైజరు, జిల్లా బాలల పరిరక్షణ విభాగం, బాలల సంక్షేమ సమితి ఉంటాయి. సమితిలో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు. ఆదరణ, రక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయం తీసుకునే అధికారం 2015 నాటి బాలల న్యాయ చట్టం వీళ్లకు ఇచ్చింది. వేధింపులకు గురైన ఆడవాళ్లకు, పిల్లలకు అండగా ఉండే సఖి కేంద్రం, పోలీసుల భరోసా కేంద్రం నంబర్లు కూడా రాసుకోండి. వసతి గృహం పిల్లలు మీ బడికి వస్తుంటే వార్డెన్ నంబరు అన్నిటికంటే పైన ఉండాలి. రాత్రి ఏడ్చే బిడ్డను చూసేది ఆ వార్డెనే.

విద్య వరుసలో చాలామంది మరిచిపోయేది మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు నేర్చుకోవడంలో ఇబ్బంది పడే పిల్లలను గుర్తించడంలో శిక్షణ పొందినవారు. మనం 'మొద్దు' అని తేల్చేసిన పిల్లవాడికి అక్షరాలు తారుమారుగా కనిపిస్తున్నాయేమో వాళ్లు చూసి చెబుతారు.

కాగితం అడుగున మూడు నంబర్లు పెద్ద అక్షరాలతో రాయండి. 14416 టెలి మానస్, మనసు బాధకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ: 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. 1098 పిల్లల సహాయ నంబరు (చైల్డ్ హెల్ప్‌లైన్). 112 అత్యవసర సేవలు. వీటిని ప్రధానోపాధ్యాయుల గదిలో కాదు, పిల్లలు మంచినీళ్లు తాగే చోట, బాలికల మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు అతికించండి. అక్కడైతే ఎవరూ చూడకుండా చదువుకుంటారు.

రెండో అడుగు: బడిలో ఇద్దరికి పని అప్పగించండి

అందరి పని అంటే ఎవరి పనీ కాకుండా పోతుంది. ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2020లో మొదలైనప్పుడే ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా పెట్టుకోవాలన్నారు. వీలైతే ఒక మహిళ, ఒక పురుషుడు. వారు బోధించాల్సిన 11 అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. మీ బడిలో ఆ ఇద్దరి పేర్లు కాగితం మీద ఇప్పటికే ఉండవచ్చు. వాళ్లతోనే మొదలుపెట్టండి. పిల్లలు ఎవరి దగ్గరికి చనువుగా వెళ్తారో చూసి ఎంచుకోవాలి గానీ సర్వీసు లెక్క చూసి కాదు.

అధికారులను ఒప్పించడానికి ఒక ఆధారం ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉన్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి మానసిక ఆరోగ్య నిపుణులతో అధికారికంగా సంబంధం ఏర్పరచుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మన ఊళ్లలో కౌన్సెలర్ వచ్చేదాకా ఆగనక్కరలేదు. వైద్య కళాశాల మానసిక వైద్య విభాగాధిపతికి, జిల్లా విద్యాధికారికి ఈ తీర్పు ప్రస్తావిస్తూ ఉత్తరం రాసి, ఆ రెండు శిక్షణలకు డాక్టర్లను పంపమని అడగండి. శిక్షణకు వచ్చిన డాక్టరు ముఖ పరిచయం రేపు మీరు బిడ్డను తీసుకెళ్లినప్పుడు పనికొస్తుంది.

మూడో అడుగు: చూసింది రాయండి, జబ్బు పేరు పెట్టకండి

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. నలభై మంది తరగతిలో లెక్కకు దాదాపు ముగ్గురు. ఆ ముగ్గురూ అల్లరి చేసేవాళ్లే కానక్కరలేదు. నాకు ఎప్పుడూ ఎక్కువ భయం వేసేది చప్పుడు చేయని పిల్లలను చూసి.

పిల్లల స్వభావం కంటే వారిలో వచ్చిన మార్పును పట్టుకోండి. ఎప్పుడూ మౌనంగా ఉండే పిల్ల మౌనంగా ఉంటే అది ఆమె తీరు. గలగలా మాట్లాడే పిల్ల రెండు వారాలుగా నోరు విప్పకపోతే కారణం వెతకాలి. హాజరు పట్టీ, మధ్యాహ్న భోజనం, చేతిరాత, స్నేహితుల గుంపు, ఈ నాలుగు చోట్ల మార్పు ముందుగా కనిపిస్తుంది. వంట చేసే అమ్మను అడగండి, ఎవరు అన్నం వదిలేస్తున్నారో ఆమె చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు.

ఒక నోటుపుస్తకం పెట్టండి. అందులో 'డిప్రెషన్‌లో ఉంది', 'మెంటల్‌గా వీక్' అని రాయకండి. 'నవంబరు 4: అన్నం తినలేదు. 6: లెక్కల తరగతిలో ఏడ్చింది, అడిగితే తలనొప్పి అంది. 9, 10: రాలేదు' అని రాయండి. డాక్టరుకు కావలసింది ఇదే. పుస్తకం బీరువాలో, తాళం వేసి.

మనసు అనుకునే ముందు ఒంటిని చూడాలి. చూపు మందగించినా, చెవి వినపడకపోయినా, రక్తం తక్కువైనా, రాత్రి ఆకలితో పడుకున్నా పిల్లలు ముడుచుకుపోతారు. కొన్ని క్షణాలు శూన్యంలోకి చూసి, ఏమీ జరగనట్టే తేరుకునే పిల్లకు 'పరధ్యానం' అని దెబ్బలు పడుతుంటాయి. అది మూర్ఛలో ఒక రకం కావచ్చు, మందులతో తగ్గుతుంది.

మన నేలకే ప్రత్యేకమైన కారణాలూ ఉన్నాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరాల గాయం ఇంకా మిగిలే ఉంది. గోధుమరంగు చారలున్న పళ్లు కనబడకుండా అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వే ఆడపిల్లను చూశాను. ఆమె పాఠం చదవడానికి లేవకపోవడానికి కారణం చదువు రాకపోవడం కాదు. పంటి డాక్టరు దగ్గరికి పంపడం కూడా ఆమె మనసుకు చేసిన వైద్యమే. గద్వాల వైపు సీడు పత్తి (విత్తనం కోసం పెంచే పత్తి) చేలలో చేతులతో పరపరాగ సంపర్కం చేసే రోజుల్లో పిల్లలు ఆ పనికి పోయి బడి ఖాళీ అవుతుంది. పాలమూరు నుంచి, దేవరకొండ తండాల నుంచి తల్లిదండ్రులు వలస పోయిన నెలల్లో పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉండిపోతారు. దసరా నుంచి ఉగాది దాకా ఎవరి ఇంట్లో పెద్దదిక్కు లేదో జాబితా రాసుకోండి. ఆ పిల్లలను వారానికి ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచి పలకరించడం ఖర్చులేని పని.

నాలుగో అడుగు: మాట్లాడే చోటు, మాట్లాడే తీరు

స్టాఫ్ రూములో పదిమంది మధ్య పిలిచి 'ఏమైంది రా నీకు?' అంటే ఏ బిడ్డా చెప్పదు. అందరికీ కనిపించే, ఎవరికీ వినిపించని చోటు చూసుకోండి. వేపచెట్టు కింద అరుగు చాలు. పక్కపక్కన కూర్చుని, ఏదైనా పని చేయిస్తూ మాట్లాడితే పిల్లలు తొందరగా తెరుచుకుంటారు. పుస్తకాలకు అట్టలు వేస్తూ నేను విన్న సంగతులు మరే విధంగానూ వినలేదు. తండా పిల్లలకు తల్లిభాష లంబాడీ, ఏడుపు ఆ భాషలోనే వస్తుంది. ఆ భాష తెలిసిన అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో పక్కన ఉంచుకోండి.

'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వవద్దు. 'నీకు మేలు చేసేవాళ్లకు తప్ప చెప్పను, చెప్పే ముందు నీకు చెబుతాను' అనండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడానికి జంకకండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది.

ఐదో అడుగు: ఇంటివాళ్లను వెంట తీసుకోండి

పెద్దవాళ్లకు కబురు పంపి బడికి రప్పిస్తే పంచాయితీ పెట్టారనుకుంటారు. సాయంత్రం పూట మీరే ఇంటికి వెళ్లండి. 'మీ వాడికి మానసిక సమస్య ఉంది' అనగానే 'మా వాడేమన్నా పిచ్చోడా?' అనే జవాబు వస్తుంది. 'సరిగా తినడం లేదు, నిద్రపోవడం లేదు, ఒకసారి డాక్టరుకు చూపిద్దాం' అనండి, అది అబద్ధం కాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తే దాన్ని తెంపే ప్రయత్నం చేయవద్దు. 'మొక్కు మొక్కుకోండి అవ్వా, ఆసుపత్రికీ వెళ్దాం' అంటే రెండూ సాగుతాయి. కొట్టినా, గొలుసు కట్టినా, మందు మానిపించినా మాత్రం ఊరుకోకూడదు.

వలసలో ఉన్న తల్లిదండ్రులతో ఫోనులో ముందు మాట్లాడండి. బిడ్డ తప్పు చేశాడని వాళ్లు భయపడతారు. మొదటి మాటలోనే 'మీ వాడు మంచి పిల్లవాడు' అని చెప్పండి.

ఆరో అడుగు: వెంట వెళ్లండి

పంపే ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. వయసు, తరగతి, ఎప్పటినుంచి ఏ మార్పు, నోటుపుస్తకంలోని తేదీలు, ఒంటి పరీక్షల వివరం, ఇంట్లో ఎవరున్నారు, చివర మీ ఫోను నంబరు. 'డాక్టరు గారూ, బడిలో మేం ఏం చేయాలో రెండు మాటలు రాసి పంపండి' అనే వాక్యం మరవకండి. ఆ వాక్యం ఉంటే జవాబు వస్తుంది.

మొదటిసారి ఎవరో ఒకరు వెంట వెళ్లి తీరాలి. మీరో, ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో. మా ఊరి నుంచి నల్లగొండకు బస్సు మారి వెళ్లాలి, రెండు గంటలు. పొద్దున ఓపీకి అందాలంటే మొదటి బస్సే ఎక్కాలి. ఆ రోజు కూలి పోతుంది, ముసలామెకు తిండి కావాలి. ఈ చిన్న ఖర్చుల దగ్గరే వైద్యం ఆగిపోతుంది కాబట్టి బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో మాట్లాడి, దాతల నుంచి కొంత మొత్తం ముందే పక్కన పెట్టండి. బిడ్డ ఆధార్, ఇంటివాళ్ల ఫోను, పాత మందుల చీటీలు ఒక సంచిలో పెట్టండి. తిరిగి బస్సు ఎక్కేముందు రెండు విషయాలు తేల్చుకోండి: మళ్లీ ఎప్పుడు రావాలి, మందు అయిపోతే దగ్గరలో ఎక్కడ దొరుకుతుంది. ఆ తేదీని ఆశా కార్యకర్త ఫోనులో పెట్టించండి.

ఆ నాయనమ్మ, పిల్లవాడితో నేను వెళ్లింది ఉగాది తర్వాతి వారం. ఓపీ కిటికీ దగ్గర ఆమె నా చొక్కా అంచు పట్టుకుని నిలబడింది.

ఏడో అడుగు: ఆ రోజే చేయాల్సినవి

కొన్ని సంగతులకు నెలవారీ సమావేశం దాకా ఆగకూడదు.

చచ్చిపోతానన్న బిడ్డను ఒంటరిగా ఇంటికి పంపకండి. ఇంటివాళ్ల చేతికి అప్పగించి, 14416కు వాళ్ల ముందే ఫోను చేసి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. పత్తి, వరి పండే మన ఇళ్లలో పురుగుమందు డబ్బాలు మంచం కిందో గోడ గూట్లోనో ఉంటాయి. వాటిని తాళం వేసిన పెట్టెలో పెట్టించి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉంచమనండి. నా అనుభవంలో ఇంతకంటే గట్టి కాపు లేదు. ప్రయత్నం జరిగిపోతే 'కేసవుతుంది' అన్న భయంతో దాచేస్తారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి వారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడమంటోంది, శిక్షించమనడం లేదు. ఇది ఇంటివాళ్లకు విడమరిచి చెప్పండి.

లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, బలమైన అనుమానం ఉన్నా పోలీసులకు తెలపడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. తెలపకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసే సిబ్బంది చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది దాకా. బిడ్డ చెప్పింది చెప్పిన మాటల్లోనే ఒకసారి రాసుకోండి. మళ్లీ మళ్లీ అడగవద్దు, నలుగురి ముందు చెప్పించవద్దు. ఊరి పెద్దల దగ్గర రాజీకి కూర్చోనివ్వవద్దు. బిడ్డ ఇంట్లోనో కోరుకున్న చోటో, వీలైనంతవరకు మహిళా అధికారే, యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలని చట్టం చెబుతోంది. ఇది తెలిస్తే తల్లికి సగం భయం పోతుంది.

పద్నాలుగేళ్ల పిల్లకు సంబంధం ఖాయమైందని వింటే 1098కి చెప్పండి. ఫోను చేసింది ఎవరో బయటపెట్టరు.

ఎనిమిదో అడుగు: నెలకొక ముప్పావు గంట

ప్రతి నెలా ఒకే రోజున ప్రధానోపాధ్యాయులు, ఆ ఇద్దరు ఉపాధ్యాయులు, ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు కూర్చోవాలి. ఏఎన్ఎం టీకాల కోసం ఊరికి వచ్చే రోజు పెట్టుకుంటే ఎవరికీ అదనపు ప్రయాణం ఉండదు. పిల్లల పేర్లకు బదులు నోటుపుస్తకంలోని వరుస సంఖ్యలు వాడండి. ప్రతి సంఖ్యకూ మూడే ప్రశ్నలు: పోయిన నెల ఎవరు ఏం చేస్తామన్నారు, చేశారా, ఈ నెల ఎవరు చేస్తారు. ఉపన్యాసాలు వద్దు, టీ ఇవ్వండి.

వాట్సాప్ గ్రూపులో బిడ్డ పేరు, ఫొటో, మందు చీటీ ఎప్పుడూ పెట్టకండి. ఒక బడిలో అలా పెట్టిన చీటీ సాయంత్రానికి ఊరంతా చేరి, ఆ పిల్ల చదువే మానేసింది. వేరే శాఖ అధికారి స్పందించకపోతే ముఖం మాడ్చుకోకుండా మళ్లీ అడగండి. రెండు నెలలు చూసి, మండల విద్యాధికారి ద్వారా రాతపూర్వకంగా తెలపండి. వాళ్లు చేసిన మేలును కూడా పిల్లల పేర్లు లేకుండా రాసి పంపండి. మా ఆశా కార్యకర్తకు బడి తరఫున ధన్యవాదాలు చెబుతూ వచ్చిన ఉత్తరం ఆమె ఇంట్లో ఫ్రేము కట్టించి ఉంది.

తొమ్మిదో అడుగు: తిరిగి వచ్చిన బిడ్డకు చోటు

మందు మొదలైన పిల్లలు కొన్ని రోజులు తరగతిలో కునుకు తీయవచ్చు. తోటి ఉపాధ్యాయులందరికీ జబ్బు చెప్పకుండానే 'ఇంకో నెల వీడిని నిద్ర లేపకండి' అని చెప్పవచ్చు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. నేర్చుకోవడంలో వైకల్యం నిర్ధారణ అయితే ధ్రువపత్రానికి తొమ్మిదో తరగతిలోనే దరఖాస్తు పెట్టించండి. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు కావాలంటే ఆ పత్రం చేతిలో ఉండాలి. మార్చిలో పరుగెత్తితే అందదు.

బిడ్డ గురుకులానికో, తల్లిదండ్రులు పనిచేసే ఊరికో మారితే బదిలీ పత్రంతో పని అయిపోయినట్టు కాదు. ఇంటివాళ్ల అనుమతితో అక్కడి ఉపాధ్యాయుడికి ఒక్క ఫోను చేయండి.

చివరి పనిదినం

ఏప్రిల్‌లో బడి మూసే రోజున నోటుపుస్తకం తెరిచి, అందులో ఉన్న ప్రతి పిల్లనూ విడిగా పిలవండి. సెలవుల్లో ఎవరితో ఉంటావు, మందు ఎవరు ఇస్తారు, మనసు బాగాలేకపోతే ఎవరికి ఫోను చేస్తావు అని అడగండి. ఆ మూడో జవాబు వాళ్ల చేతే పలికించి, చేతిరాతతో రాయించండి. పదో తరగతి పిల్లలకు ఫలితాలు వచ్చే రోజు మీరు ఎక్కడ ఉంటారో కూడా చెప్పండి. నేనైతే ఆ రోజు ఉదయం బడి గేటు తీసి, వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. తప్పిన పిల్లలు వస్తారు. సప్లిమెంటరీ ఫీజు కట్టే తేదీ అప్పటికే ఒక కాగితం మీద రాసి నా జేబులో ఉంటుంది.